మొక్కల కణజాలాలు: రకం వేరు, చోటు వేరు

మొక్కల కణజాలాలు ఎన్ని రకాలని తొమ్మిదో తరగతి విద్యార్థిని అడిగితే, విభాజ్య కణజాలం, శాశ్వత కణజాలం అని రెండు పేర్లు చెప్పి, శాశ్వత కణజాలాన్ని మళ్ళీ సరళమనీ సంక్లిష్టమనీ విడదీస్తారు. అదే విద్యార్థి విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్మీడియట్ బైపీసీలో చేరేసరికి పుస్తకం మరో తీరున మాట్లాడుతుంది. బాహ్యచర్మ కణజాల వ్యవస్థ, సంధాయక కణజాల వ్యవస్థ, నాళికా కణజాల వ్యవస్థ అని కొత్తగా మూడు పేర్లు వస్తాయి. పైగా నారగా మనం తీసే నారకణాలు ఒకసారి గట్టిదనాన్నిచ్చే దృఢకణజాలం కింద, మరోసారి ఆహారాన్ని మోసే పోషక కణజాలం కింద కనిపిస్తాయి. ఏది సరైనదో తేల్చుకోలేక చాలామంది రెండు పట్టికలనూ బట్టీ పట్టి, పరీక్ష కాగానే రెండింటినీ మరచిపోతారు.

ఇది పరీక్షతో తీరిపోయే చిక్కు కాదు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు ప్రాంతపు మిర్చి చేల మీద పడినప్పటి నుంచి ముడత, వైరస్, ఎండు తెగులు అనే మాటలు ఊళ్ళలో కలగలిసి వినిపిస్తున్నాయి. నిజానికి ఈ మూడింటిలో ఒక్కొక్కటి మొక్కలోని ఒక్కో కణజాలాన్ని దెబ్బతీస్తుంది. ఏ కణజాలం ఎక్కడ ఉంది, ఏ పని చేస్తుంది అన్నది తెలిస్తే విద్యార్థి పట్టికా, రైతు చేనూ రెండూ ఒకే లెక్కకు వస్తాయి.

కదలలేని కణాల కలయిక

ఒకే పుట్టుక కలిగి, కలిసి ఒక పని చేసే కణాల సముదాయాన్ని కణజాలం అంటారు. జంతువుల విషయంలోనూ ఈ నిర్వచనం ఇదే. అయితే మొక్కలో ఒక పెద్ద తేడా ఉంది. మొక్క కణానికి సెల్యులోజ్ గోడ ఉంటుంది. పక్కపక్క కణాల గోడలను పెక్టిన్ అనే జిగురు పదార్థం అతికించి ఉంచుతుంది. కాబట్టి మొక్క కణం పుట్టిన చోటి నుంచి కదలలేదు, ఏ రూపం దాల్చినా ఉన్న చోటనే దాల్చాలి. అందుకే మొక్కలో ఒక కణం ఏమవుతుందన్నది చాలావరకు అది ఏ స్థానంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

మరో తేడా ఇంకా ఆశ్చర్యకరమైనది. మొక్కలో కొన్ని కణాలు చనిపోయిన తరువాతే తమ పని మొదలుపెడతాయి. నీటిని మోసే నాళాలు అలాంటివి. లోపలి జీవపదార్థమంతా కరిగిపోయి, గట్టిపడిన గోడ మాత్రం గొట్టంగా మిగిలితేనే నీటికి దారి ఏర్పడుతుంది. చెట్టు మానులో బరువును మోసే భాగం చాలావరకు ఇలాంటి మృతకణాలే.

పెరుగుదల ఎక్కడెక్కడ జరుగుతుంది

జంతువు శరీరమంతటా పెరిగినట్టు మొక్క పెరగదు. విభజన చెందే శక్తి నిలుపుకున్న కణాలు కొన్ని నిర్దిష్టమైన చోట్ల మాత్రమే ఉంటాయి. వాటినే విభాజ్య కణజాలం అంటారు. వేరు కొన, కొమ్మ కొన పొడవు పెరగడానికి కారణమైనది అగ్ర విభాజ్య కణజాలం. కాండం చుట్టూ వలయంగా ఉండి లావు పెంచేది పార్శ్వ విభాజ్య కణజాలం. కణుపుల దగ్గర, ఆకు తొడిమ అడుగున ఉండేది మధ్యస్థ విభాజ్య కణజాలం. గట్టు మీది గరికను పశువులు ఎన్నిసార్లు మేసినా మళ్ళీ చిగురించడానికి కారణం ఈ మూడోదే. గరికలో ఆకు పెరిగే చోటు కొనన కాక మొదలున ఉంటుంది కాబట్టి మేత దాన్ని తాకదు. గాలివానకు ఒరిగిన లేత వరి దుబ్బు కొన్ని రోజుల్లో తల పైకెత్తడం కూడా కణుపుల దగ్గర పెరిగే శక్తి మిగిలి ఉండటం వల్లనే. వెన్ను బరువెక్కిన తరువాత పడిన వరికి ఆ శక్తి ఉండదు.

ఒకే గోడ, మూడు మందాలు

విభజన ఆపి ఒక పనికి కుదురుకున్న కణాలను శాశ్వత కణజాలం అంటారు. అందులో ఒకే తరహా కణాలతో ఏర్పడిన సరళ కణజాలాలు మూడు. వాటి తేడా ప్రధానంగా గోడ మందంలోనే ఉంది.

గోడ పలచగా, కణం సజీవంగా ఉంటే అది మృదుకణజాలం. మొక్క శరీరంలో ఎక్కువ భాగం ఇదే, ఎక్కువ పనులు చేసేదీ ఇదే. ఆకులో పత్రహరితం నింపుకుని ఆహారం తయారుచేస్తుంది. దుగ్గిరాల మార్కెట్‌కు వచ్చే పసుపు కొమ్ములో పిండిపదార్థాన్ని దాచేదీ మృదుకణాలే. వాటి మధ్య అక్కడక్కడా ఉండే ప్రత్యేక కణాల్లో పసుపు రంగునూ వాసననూ ఇచ్చే పదార్థాలు నిలువ ఉంటాయి. వరి వేరులో మృదుకణజాలం గాలి గదులుగా విడిపోతుంది. కృష్ణా డెల్టాలో నెలల తరబడి నీరు నిలిచిన మడిలో వరి వేళ్ళు కుళ్ళకుండా ఉండటానికి కారణం, ఆకుల నుంచి ఈ గదుల గుండా వేరుకు గాలి అందడమే. మిర్చి వేరుకు ఈ ఏర్పాటు లేదు. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది.

గోడ మూలల్లో మాత్రమే మందమై, కణం సజీవంగానే ఉంటే అది స్థూలకోణ కణజాలం. లేత గుమ్మడి తీగ మీద పొడవునా వేలికి తగిలే గట్ల కింద ఇది ఉంటుంది. గాలికి వంగి మళ్ళీ నిలబడే బిగువును తీగకు ఇస్తుంది, తీగ సాగుతున్నకొద్దీ తానూ సాగుతుంది. ఏకదళ బీజ మొక్కల్లో ఇది సాధారణంగా కనిపించదు, వేళ్ళలోనూ అరుదు.

గోడ అంతటా లిగ్నిన్ అనే పదార్థం చేరి గట్టిపడి, సాధారణంగా కణం చనిపోయి ఉంటే అది దృఢకణజాలం. ఇందులో పొడవైనవి నారకణాలు, పొట్టివి రాతికణాలు. జామకాయ కొరికినప్పుడు పంటికి ఇసుకలా తగిలేవి రాతికణాల గుంపులే. కొబ్బరికాయలో చిప్ప రాతికణాలతోనూ, దాని మీది పీచు నారకణాలతోనూ ఏర్పడతాయి.

గోంగూర కాండాన్ని అడ్డంగా కోసి చూస్తే

రెండు పట్టికల చిక్కు ఎక్కడ వస్తుందో చూడటానికి గోంగూర మంచి ఉదాహరణ. పచ్చడికి ఆకు కోసేవారు కాడలు ఏరేసి ఆకు మాత్రమే తీసుకుంటారు. ఆకులో ఉన్నది ముఖ్యంగా మృదుకణజాలం, పుల్లదనాన్ని ఇచ్చే ఆమ్లాలు ఆ కణాల రిక్తికల్లో, అంటే కణం లోపలి ద్రవపు సంచుల్లో, కరిగి ఉంటాయి. అదే మొక్కను కోయకుండా ముదరనిస్తే కాండం నుంచి గోగు నార వస్తుంది.

ముదిరిన గోంగూర కాండాన్ని బ్లేడుతో అడ్డంగా పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద ఉంచితే, బయటి నుంచి లోపలికి వలయాలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైన ఒకే వరుస కణాలతో బాహ్యచర్మం, దాని కింద స్థూలకోణ కణాలు, ఆ తరువాత వల్కలం అనే మధ్య భాగంలోని మృదుకణాలు. వాటిని దాటితే పోషక కణజాలం వస్తుంది. అందులోనే మందమైన గోడలతో, నడుమ సన్నని రంధ్రంతో నారకణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. దాని లోపల కాండం లావు పెంచే విభాజ్య కణావళి అనే సన్నని వలయం, ఇంకా లోపల గట్టి కట్టెగా నీటిని మోసే దారువు, నట్టనడుమ మెత్తని దవ్వ.

కాండాలను నీటిలో ఊరబెట్టినప్పుడు సూక్ష్మజీవులు కణాల మధ్య ఉన్న పెక్టిన్‌ను కరిగిస్తాయి. మెత్తని మృదుకణాలు కుళ్ళిపోతాయి, లిగ్నిన్ ఉన్న నారకణాలు మిగులుతాయి. విభాజ్య కణావళి దగ్గర పట్టు సడలడం వల్ల నార ఒక పక్కకు, కట్టె ఒక పక్కకు విడిపోతాయి. చేతికి వచ్చిన నార పోగు మనిషంత పొడవు ఉన్నా, అందులోని ఒక్కో కణం పొడవు కొద్ది మిల్లీమీటర్లే. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అతుక్కుని ఉండటం వల్ల పోగు తెగదు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. ఈ నార దృఢకణజాలమా, పోషక కణజాలమా? గోడ మందాన్ని, కణం తీరును బట్టి చూస్తే అది దృఢకణజాలం. ఉన్న చోటును బట్టి చూస్తే పోషక కణజాలంలో ఒక భాగం. ఒకే మనిషి పేరు రేషను కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ ఉన్నట్టే, ఒకే కణం రెండు పట్టికల్లోనూ ఉంది. సరళ కణజాలాల పట్టిక కణం రకాన్ని చెబుతుంది, సంక్లిష్ట కణజాలాల పట్టిక ఆ కణం ఎవరితో కలిసి ఎక్కడ పనిచేస్తుందో చెబుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ రెండు ప్రమాణాలనూ ఒకే శాఖల బొమ్మలో కలిపి గీయడం వల్ల విద్యార్థికి అయోమయం తప్పడం లేదు.

నీరు ఒక దారిన, ఆహారం మరో దారిన

వేర్వేరు రకాల కణాలు కలిసి ఏర్పడే సంక్లిష్ట కణజాలాలు రెండు. వేరు నుంచి నీటినీ లవణాలనూ పైకి చేర్చేది దారువు. ఆకులో తయారైన చక్కెరను అవసరమైన చోటికి చేర్చేది పోషక కణజాలం. దారువులో దారుకణాలు, దారునాళాలు, దారు నారలు, దారు మృదుకణాలు ఉంటాయి. వీటిలో మృదుకణాలు తప్ప మిగిలినవన్నీ సాధారణంగా మృతకణాలు. పోషక కణజాలంలో లెక్క తిరగబడుతుంది. చాలనీ నాళాలు, సహకణాలు, మృదుకణాలు సజీవం, నారలు మాత్రమే మృతం. చాలనీ నాళంలో కేంద్రకం ఉండదు, పక్కనున్న సహకణం దాని బాగోగులు చూస్తుంది.

రెండు దారులూ వేరని తెలుసుకోవడానికి పాత ప్రయోగం ఒకటి ఉంది. చెట్టు మాను చుట్టూ ఉంగరంలా బెరడు ఒలిస్తే ఆకులు వెంటనే వాడవు. దారువు లోపల క్షేమంగా ఉంది కాబట్టి నీరు అందుతూనే ఉంటుంది. కాని బెరడుతో పాటు పోషక కణజాలం పోతుంది. ఒలిచిన చోటికి పైన చక్కెర పేరుకుని బెరడు ఉబ్బుతుంది, వేళ్ళు ఆకలితో క్షీణించి చివరికి చెట్టు ఎండిపోతుంది. ఇటలీకి చెందిన మాల్ఫీజీ 17వ శతాబ్దంలోనే ఈ ఉబ్బును గమనించాడు.

నీరు అంత ఎత్తుకు ఎలా ఎక్కుతుందన్నది చాలాకాలం వివాదంగానే నడిచింది. గాలి పీడనం నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎత్తలేదు, తాడిచెట్లు అంతకు రెండు మూడింతలు పెరుగుతాయి. 1894లో ఐర్లాండ్ శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ ఒక వివరణ ఇచ్చారు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ, ఒకదాన్నొకటి పట్టుకున్న నీటి అణువుల స్తంభం మొత్తంగా పైకి లాగబడుతుందని వారి వాదన. దీనికి భిన్నంగా జగదీశ్ చంద్ర బోస్ 1923లో, వల్కలం లోపలి వరుసలోని సజీవ కణాలు సంకోచిస్తూ వ్యాకోచిస్తూ నీటిని పైకి నెడతాయని ప్రతిపాదించాడు. అంతకు ముందే వృక్షశాస్త్రవేత్త స్ట్రాస్‌బర్గర్ 1890ల తొలినాళ్ళలో చెట్ల కాండాల్లోకి విషద్రావణాలు ఎక్కించి సజీవ కణాలను చంపినా ద్రవం పైకి ఎక్కడం ఆగలేదని చూపాడు. ఆ ప్రయోగం బోస్ వాదనకు గట్టి అడ్డంకి అయింది, నేడు వృక్షశాస్త్రవేత్తలు అంగీకరించేది డిక్సన్, జోలీల వివరణనే. మొక్కల్లో విద్యుత్ సంకేతాల గురించి బోస్ చేసిన పనికి ఉన్న గౌరవం మాత్రం దీనివల్ల తగ్గదు. దారువులోని సజీవ మృదుకణాలకు ఏ పాత్రా లేదని కూడా అనలేం. నాళాల్లో గాలి బుడగలు పడి నీటి స్తంభం తెగినప్పుడు తిరిగి నింపడంలో వాటి పాత్ర ఎంతన్నది నేటికీ పరిశోధనలో ఉంది.

చక్కెర ప్రయాణానికి జర్మన్ శాస్త్రవేత్త మ్యూంఖ్ 1930లో ఇచ్చిన వివరణ నిలబడింది. ఆకు దగ్గర చాలనీ నాళంలో చక్కెర చేరినప్పుడు నీరు దానిలోకి వచ్చి పీడనం పెరుగుతుంది, చక్కెర వాడుకునే చోట పీడనం తగ్గుతుంది, ఆ తేడాయే ప్రవాహానికి కారణం. బాపట్ల వైపు తాళ్ళు ఎక్కే గీత కార్మికుల పనిలో ఇది కళ్ళకు కనిపిస్తుంది. కల్లు అంటే తాటి గెల కొసన చాలనీ నాళాల నుంచి కారే తీపి రసమే. గాయపడిన చాలనీ నాళాలు తమంతట తామే మూసుకుంటాయి. అందుకే గీతకత్తితో గెల కొసను రోజూ పలచగా చెక్కాలి, చెక్కిన ప్రతిసారీ కొత్త నోళ్ళు తెరుచుకుంటాయి.

తాడికి చేవ బయట, వేపకు చేవ లోపల

ఒకే కణజాలాలు రెండు చెట్లలో వేర్వేరుగా అమరితే ఏమవుతుందో చూడాలంటే తాటి దూలాన్నీ వేప దూలాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. వేప ద్విదళ బీజం. దానిలో విభాజ్య కణావళి ఏటా లోపలి వైపు దారువునూ బయటి వైపు పోషక కణజాలాన్నీ చేరుస్తూ పోతుంది. లోపలి పాత దారువు నీరు మోయడం మాని, రకరకాల రసాయనాలతో నిండి చేవ దేరుతుంది. కాబట్టి వేప మానులో గట్టిదనం నడుమ ఉంటుంది.

తాడి ఏకదళ బీజం. దానికి అలాంటి విభాజ్య కణావళి లేదు, దారువూ పోషక కణజాలమూ కలిసిన నాళికాపుంజాలు మానంతటా చెదిరి ఉంటాయి. ప్రతి పుంజానికీ నారకణాల తొడుగు ఉంటుంది. ఈ పుంజాలు అంచున దట్టంగా, నడుమ పలచగా ఉండటం వల్ల తాటి మానులో గట్టిదనం అంతా బయటి పట్టీలో ఉంటుంది. లోపలి మెత్తని భాగాన్ని తొలిచేస్తే దోనె అవుతుంది, బయటి పట్టీని చీలిస్తే ఇంటి కప్పుకు దూలాలూ వాసాలూ అవుతాయి. తాటి మానులో వార్షిక వలయాలు వెదకడం వృథా.

దారువు అంటే ఎప్పుడూ గట్టిదే అనుకోనక్కరలేదు. విజయవాడ పక్కన కొండపల్లిలో బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర కూడా దారువే. అది తేలికగా, చెక్కడానికి అనువుగా ఉంటుంది.

మిర్చి చేలో ఏ శత్రువు ఏ కణజాలం మీద

ఇప్పుడు మిర్చి దగ్గరకు వస్తే, పైన చెప్పిన పేర్లన్నీ ఒక్క మొక్కలోనే పనికి వస్తాయి. తామర పురుగు లేత ఆకుల, పూల పైపొర కణాలను గీరి లోపలి రసం పీలుస్తుంది. అంటే దాని దాడి బాహ్యచర్మం మీద, దాని అడుగున ఉన్న మృదుకణాల మీద. ఖాళీ అయిన కణాలు పెరగలేవు, మిగిలినవి పెరుగుతాయి. ఈ అసమాన పెరుగుదల వల్లనే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో చేరడం వల్ల పూత రాలి కాపు దెబ్బతింటుంది.

తెల్లదోమ పని వేరు. అది తన సన్నని సూదిని కణాల మధ్య నుంచి పోనిచ్చి సరిగ్గా చాలనీ నాళంలో దింపుతుంది. రైతులు జెమిని వైరస్ అని పిలిచే ఆకుముడత వైరస్ ఆ సూదితో పాటు పోషక కణజాలంలో చేరి, చక్కెర పోయే దారినే లేత చిగుళ్ళకు చేరుతుంది. పాత ఆకులు మామూలుగానే ఉండి కొత్త చిగుళ్ళు ముడుచుకుని గిడసబారడానికి ఒక కారణం ఇదే.

ఎండు తెగులు కలిగించే ఫ్యుజేరియం శిలీంధ్రం నేల నుంచి వేరు ద్వారా దారునాళాల్లోకి చేరుతుంది. శిలీంధ్రపు పోగులూ, మొక్క ఆత్మరక్షణ కోసం విడుదల చేసే జిగురూ కలిసి నాళాలను మూసివేస్తాయి. నేలలో తేమ ఉన్నా మొక్క వాడుతుంది, కాండాన్ని నిలువునా చీలిస్తే లోపల గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. అయితే తేమ ఉన్న నేలలో వాడిన ప్రతి మొక్కకూ ఈ తెగులే అనుకోకూడదు. నల్లరేగడిలో వాన నీరు నిలిచినప్పుడు కూడా మిర్చి వాడుతుంది. వరికి ఉన్న గాలి గదులు మిర్చి వేరుకు లేవు కాబట్టి వేరు ఊపిరాడక నీటిని తీసుకోవడం మానేస్తుంది. పైకి కనిపించే లక్షణం ఒకటే, లోపల దెబ్బతిన్న కణజాలం వేరు.

మిర్చికి ఘాటునిచ్చే కాప్సైసిన్ గింజల్లో తయారవుతుందన్న నమ్మకం కూడా సవరించుకోదగ్గది. గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లని భాగంలోని పైపొర కణాలే దాన్ని తయారుచేస్తాయి. గింజకు అది పక్క నుంచి అంటుతుంది. ఇలాంటి స్రావక కణాలు, జిల్లేడు పాలను నింపుకున్న క్షీరనాళాలు పాఠశాల పట్టికలో ఎక్కడా ఇమడవు.

పట్టికల వెనుక ఉన్న మూడు దృష్టులు

విభాజ్య కణజాలానికి, దారువుకు, పోషక కణజాలానికి పాశ్చాత్య శాస్త్రంలో నేడు వాడే పేర్లను 1858లో వృక్షశాస్త్రవేత్త నేగెలి పెట్టాడు. 1875లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త సాక్స్ మొక్క శరీరాన్ని స్థానం ప్రకారం మూడు వ్యవస్థలుగా విభజించాడు. ఇంటర్ పుస్తకంలో కనిపించేది ఈ విభజనే. 1884లో మరో వృక్షశాస్త్రవేత్త హేబర్లాంట్ కణజాలాలను వాటి పనిని బట్టి వర్గీకరించాలని వాదించాడు. ఆధారమిచ్చేవి, పీల్చేవి, నిలువచేసేవి, స్రవించేవి అన్నట్టుగా.

హేబర్లాంట్ దృష్టిలో గొప్ప ఆకర్షణ ఉంది. మొక్క ఎలా బతుకుతుందో అది సూటిగా చెబుతుంది. కాని ఒకే మృదుకణం పగలు ఆహారం తయారుచేసి, దానిలో కొంత నిలువచేసి, రాత్రి దాన్ని కరిగించి పంపుతుంది. దాన్ని ఏ పని కింద రాయాలి? సాక్స్ విభజనలో ఈ ఇబ్బంది లేదు, కాని స్థానం తెలిసినంత మాత్రాన పని తెలియదు. పత్తి దీనికి మంచి పరీక్ష. పత్తి పోగు ఒక్కటే కణం, గింజ పైపొర మీద వెంట్రుకలా మొలిచి, పక్వమయ్యేసరికి గోడంతా దాదాపు శుద్ధమైన సెల్యులోజ్‌తో నిండుతుంది. వాడుకలో అది నారే. స్థానాన్ని బట్టి బాహ్యచర్మం, గోగు నారలా దృఢకణజాలం కాదు. పదార్థం దృష్ట్యా చూసినా దానిలో లిగ్నిన్ దాదాపుగా లేదు. బోధన వరకు నా అభిప్రాయం ఇది: సాక్స్ విభజనతో మొదలుపెట్టి, ప్రతి వ్యవస్థలోనూ ఏ రకం కణాలు ఉన్నాయో చెప్పి, ఆ తరువాత పనికి వస్తే విద్యార్థికి నార రెండు చోట్ల కనిపించినా కలవరం ఉండదు.

శాశ్వతం అన్న పేరు ఎంతవరకు నిజం

చివరి చిక్కు ‘శాశ్వత’ అన్న విశేషణంతో ఉంది. కాండం లావెక్కి బాహ్యచర్మం పగిలినప్పుడు, వల్కలంలోని మృదుకణాలే మళ్ళీ విభజన మొదలుపెట్టి బెండు పొరను తయారుచేస్తాయి. నూజివీడు తోటల్లో మామిడి అంటు కట్టినప్పుడు రెండు కొమ్మల కోతలను విభాజ్య కణావళులు తగిలేలా జతచేస్తారు. అతుకు పడటంలో ఆ వలయాలతో పాటు చుట్టూ ఉన్న మృదుకణాలు కూడా విభజన చెంది కలుస్తాయి. కాబట్టి సజీవంగా ఉన్న శాశ్వత కణానికి వెనక్కు మళ్ళే అవకాశం ఉంది. మృతకణాలకు మాత్రమే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది.

ఒక్క కణం నుంచి మొక్క మొత్తం తయారు కావచ్చని 1902లో ఊహించినవాడు కూడా హేబర్లాంటే. 1958లో స్టీవార్డ్ అనే శాస్త్రవేత్త క్యారెట్ దుంపలోని పోషక కణజాలపు ముక్కల నుంచి పూర్తి మొక్కలు పెంచి దాన్ని నిరూపించాడు. ఏ సజీవ కణమైనా ఈ శక్తి కలిగినదేనని అప్పటి నుంచి పుస్తకాలు రాస్తున్నాయి. 2010లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద వచ్చిన పరిశోధన దీనికి ఒక సవరణ చెప్పింది. ప్రయోగశాలలో వచ్చే కణాల ముద్ద ఏ కణం నుంచి పడితే ఆ కణం నుంచి రాదనీ, పక్కవేళ్ళకు పుట్టుకనిచ్చే కణాల వంటి వాటి నుంచి వస్తుందనీ అది చూపింది. అన్ని మొక్కలకూ ఇది వర్తిస్తుందా అన్నది ఇంకా తేలవలసిన విషయం.

మన ప్రాంతంలో రైతులు నాటే టిష్యూకల్చర్ అరటి పిలకలను కొందరు జన్యుమార్పిడి మొక్కలుగా పొరబడుతున్నారు, మరికొందరు అవి ఆకు ముక్క నుంచి పుడతాయనుకుంటున్నారు. రెండూ కావు. పిలక నడుమ ఉన్న కొన భాగాన్ని తీసి, పోషక ద్రవ్యాలున్న సీసాలో అనేక చిగుళ్ళుగా పెంచి, వేర్లు తెప్పించి నర్సరీకి పంపుతారు. ఆ కొనలో ఉన్నది మొదటి నుంచీ విభాజ్య కణజాలమే. దారువు, పోషక కణజాలం ఇంకా ఏర్పడని చోటు కాబట్టి వాటి గుండా ప్రయాణించే వైరస్‌లు అక్కడ తక్కువగా ఉంటాయి.